శాంతి కోసం, న్యాయం కోసం జరిగిన నిరసనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చరిత్రలో పెద్ద నిరసన అనగానే మనకి ఒక ఫోటో గుర్తొస్తుంది, లేదంటే ఒక స్పీచ్. దానికి ముందు నెలల తరబడి ఎవరు ఏం చేశారు, తర్వాత ఏమైంది అన్నది పెద్దగా ఎవరూ చెప్పరు, అందుకే ఎవరితో మాట్లాడినా అవే డౌట్లు తిరిగి తిరిగి వస్తుంటాయి. ఎక్కువగా వినపడేవి కింద రాశాను. వరుసగా చదవక్కర్లేదు. అన్ని దేశాలూ అన్ని ఉద్యమాలూ ఇందులో లేవు, నాకు ముందూ వెనకా తెలిసినవే తీసుకున్నాను, కాబట్టి ఫలానాది ఎందుకు లేదు అని కోప్పడకండి.

రోజా పార్క్స్ ఆ రోజు బాగా అలసిపోయి సీట్లోంచి లేవలేదు, అలా అనుకోకుండా ఉద్యమం మొదలైంది అంటారు, నిజమేనా?

ఆ అలసట కథే తప్పు. 1955 డిసెంబర్ 1న అమెరికాలో అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో, బస్సులో ఒక తెల్లాయన కోసం సీటు ఖాళీ చెయ్యమంటే ఆవిడ లేవలేదు, పోలీసులు పట్టుకెళ్ళారు, అక్కడిదాకా కరెక్టే. కానీ ఆవిడ ఏమీ తెలియని అమాయకురాలేం కాదు. కుట్టుపని ఆవిడ ఉద్యోగం, నిజమే, అయితే నల్లజాతివాళ్ళ హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీలో 1943లోనే చేరి లోకల్ బ్రాంచికి సెక్రటరీగా చేసిన మనిషి, 1955 ఎండాకాలంలో టెన్నెస్సీలో హైలాండర్ అనే స్కూల్‌కి వెళ్ళి ఉద్యమాలు ఎలా నడపాలో ట్రైనింగ్ కూడా తీసుకుని వచ్చింది.

పైగా ఆవిడే మొదటి మనిషి కాదు. అంతకు తొమ్మిది నెలల ముందు, మార్చిలో, క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ళ పిల్ల ఇలాగే లేవనని కూర్చుని అరెస్టయ్యింది. చిన్నపిల్ల, ఈ కేసు మీద ఊరంతా కూడగట్టడం కష్టం అని పెద్దవాళ్ళు వెనక్కి తగ్గారు. తమాషా ఏంటంటే చివరికి బస్సుల్లో వేరు సీట్ల పద్ధతిని కొట్టేయించిన కేసులో కోర్టుకెక్కిన నలుగురు ఆడవాళ్ళలో కాల్విన్ ఉంది, రోజా పార్క్స్ లేదు. కాల్విన్ పేరు చాలామందికి ఎన్నో ఏళ్ళ దాకా తెలీనే తెలీదు.

381 రోజులు బస్సెక్కకుండా జనం పనులకి ఎలా వెళ్ళారు?

నన్నడిగితే అసలు కథ ఇదే, సీటు కథ కాదు. పార్క్స్ అరెస్టైన రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ లెక్చరర్, ఇంకో కొలీగ్‌నీ ఇద్దరు స్టూడెంట్లనీ సాయం పెట్టుకుని, కాలేజీలో సైక్లోస్టైల్ మెషిన్ మీద తెల్లారేసరికి వేలకి వేలు కరపత్రాలు తీసేసింది, సోమవారం ఎవరూ బస్సెక్కొద్దు అని. రాత్రికి రాత్రే ఎలా అయిందంటే, ఆవిడ నడిపే మహిళా సంఘం ఏడాది పైనుంచీ బాయ్‌కాట్ ఆలోచనలోనే ఉంది, 1954లోనే మేయర్‌కి ఉత్తరం కూడా రాసింది. 26 ఏళ్ళ మార్టిన్ లూథర్ కింగ్ అప్పటికింకా లీడర్ కాదు.

మొదట్లో నల్లజాతి టాక్సీవాళ్ళు బస్ ఛార్జీకే, అంటే 10 సెంట్లకే ఎక్కించుకున్నారు. టాక్సీకి మినిమమ్ ఛార్జీ తీసుకోవాల్సిందే అని సిటీవాళ్ళు రూల్ బయటికి తీసి ఆపించారు. దాంతో సొంత కార్లున్నవాళ్ళు కార్లు ఇచ్చారు, సుమారు 300 కార్లు, ఎక్కడ ఎక్కాలి ఎక్కడ దిగాలి ఏ టైముకి అన్నీ రాసి పెట్టుకుని ఓ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలా నడిపారు. ఆ కార్ల ఇన్సూరెన్స్ క్యాన్సిలైతే లండన్‌లో లాయిడ్స్ దగ్గర తెచ్చుకున్నారు. పెట్రోల్‌కి డబ్బు ఎక్కణ్ణుంచి అంటే, జార్జియా గిల్మోర్ అనే వంటావిడ ఇంకొంతమంది ఆడవాళ్ళని పోగేసి కేకులూ భోజనాలూ వండి అమ్మి ఆ డబ్బులు ప్రతివారం మీటింగ్‌లో ఇచ్చేది. ఎవరు ఇచ్చారో బయటికి తెలిస్తే ఉద్యోగాలు పోతాయి, అందుకని ఆ గ్రూప్‌కి ఊరూపేరూ లేని క్లబ్ అన్నట్టు "క్లబ్ ఫ్రమ్ నోవేర్" అని పేరు పెట్టుకున్నారు. 1956 నవంబర్ 13న సుప్రీంకోర్టు వేరు సీట్లు చెల్లవంది, డిసెంబర్ 20న బాయ్‌కాట్ ఆపేశారు.

ఇంకో మాట, మొదట్లో వీళ్ళ డిమాండ్లు వేరు సీట్లు పూర్తిగా తీసెయ్యమని కూడా కాదు, మర్యాదగా మాట్లాడండి, ముందు ఎక్కినవాళ్ళని ముందు కూర్చోనివ్వండి, మావాళ్ళని డ్రైవర్లుగా పెట్టుకోండి, అంతే. అది కూడా ఒప్పుకోలేదు కాబట్టి పెద్దదయింది.

అన్ని సమస్యలుండగా గాంధీ ఉప్పునే ఎందుకు పట్టుకున్నారు?

అప్పట్లో కాంగ్రెస్‌లో పెద్దవాళ్ళకే ఈ డౌట్ వచ్చింది, స్వరాజ్యం ఎక్కడ ఉప్పు ఎక్కడ అని. వైస్రాయ్ ఇర్విన్ కూడా లైట్ తీసుకున్నాడు. కానీ ఉప్పు లేనిదే పేదవాడికీ గొప్పవాడికీ ముద్ద దిగదు, ఏ మతానికైనా అంతే, పైగా సముద్రం నీళ్ళు కాచుకుని ఉప్పు చేసుకోవడం నేరం అనే చట్టాన్ని ఎవరికైనా వివరించి చెప్పక్కర్లేదు, వినగానే అన్యాయం అని తెలిసిపోతుంది. ఇంకా ముఖ్యమైంది, ఆ చట్టాన్ని ఎవరైనా బ్రేక్ చెయ్యొచ్చు, కుండా కాస్త ఉప్పునీళ్ళూ చాలు.

1930 మార్చి 12న సబర్మతి నుంచి 78 మందితో బయల్దేరి దాదాపు 385 కిలోమీటర్లు నడిచి ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీశారు. అంతకు ముందే మార్చి 2న వైస్రాయ్‌కి ఉత్తరం రాసి ఏం చెయ్యబోతున్నారో చెప్పేశారు కూడా. ఈ 24 రోజులు ఊరికే నడిచారనుకోకండి, ముందుగా స్టూడెంట్ల టీమ్ ఒకటి వెళ్ళి ఏ ఊళ్ళో ఆగాలి, అక్కడి పరిస్థితి ఏంటి అని చూసుకుని వచ్చేది. రోజు రోజుకీ పేపర్లలో వార్త పెరిగింది, ఒక్కరోజులో కార్లో వెళ్ళి ఉప్పు తీసుంటే ఇదంతా ఉండేదా. ఆ ఏడాది 60,000 మందికి పైగా జైలుకెళ్ళారు.

రిజల్ట్ చూస్తే మాత్రం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే అన్నారు కొందరు. 1931 మార్చిలో గాంధీ-ఇర్విన్ ఒప్పందంలో సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు తమ వాడకానికి ఉప్పు చేసుకోవచ్చన్నారు, పన్ను మాత్రం 1947 దాకా పోలేదు. కానీ నిన్నటిదాకా ఖైదీగా ఉన్న మనిషితో వైస్రాయ్ ఎదురెదురుగా కూర్చుని బేరమాడాల్సి వచ్చింది, అదీ చిన్న విషయం కాదు.

వాషింగ్టన్ మార్చ్ అంటే కింగ్ స్పీచే కదా?

1963 ఆగస్టు 28న రెండున్నర లక్షల మంది వచ్చారు, స్పీచ్ చివర్లో వచ్చింది. మార్చ్ పూర్తి పేరులో "ఉద్యోగాలు, స్వేచ్ఛ" రెండూ ఉన్నాయి, గంటకి కనీస కూలి 2 డాలర్లు చెయ్యాలనేది అక్కడి డిమాండ్లలో ఒకటి. ఆ భాగాన్ని తర్వాత అందరూ మర్చిపోయారు, లేదా మర్చిపోవడమే సుఖంగా అనిపించిందేమో.

దీన్ని సుమారు రెండు నెలల్లో నిలబెట్టింది బేయార్డ్ రస్టిన్. బస్సులెన్ని, రైళ్ళెన్ని, టాయిలెట్లెన్ని, మంచినీళ్ళు ఎక్కడ, ఇంటి నుంచి ఏం తెచ్చుకోవాలి, ఎండకి పాడైపోయేవి తేవద్దు, ఇవన్నీ కరపత్రాల్లో రాసి ముందే పంపించాడు. వెనక్కి కూర్చున్నవాళ్ళకి వినపడకపోతే అల్లరి మొదలవుతుందని మంచి సౌండ్ సిస్టమ్ కోసం పట్టుబట్టాడు. ముందురోజు ఎవరో దాన్ని పాడుచేస్తే చివరికి ఆర్మీ వాళ్ళ చేత బాగు చేయించారు. ఆయన స్వలింగ సంపర్కుడు, కుర్రతనంలో కమ్యూనిస్ట్ యూత్ లీగ్‌లో ఉన్నాడు, ఈ రెండూ పట్టుకుని సెనేట్‌లోనే ఆయన మీద బురద చల్లారు, అందుకే ఫోటోల్లో ముందు వరసలో పెద్దగా కనపడడు. ఆడవాళ్ళ సంగతీ అంతే, పనంతా చేశారు గానీ మెయిన్ స్పీచుల లిస్టులో ఒక్కరు లేరు.

రస్టిన్ గురువు ఫిలిప్ రాండాల్ఫ్ ఇంతకంటే తమాషా పని చేశాడు. 1941లో యుద్ధ సామాగ్రి ఫ్యాక్టరీల్లో నల్లవాళ్ళకి ఉద్యోగాలు ఇవ్వకపోతే వాషింగ్టన్‌కి జనాన్ని తెస్తానన్నాడు, తేదీ కూడా చెప్పాడు. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ జూన్ 25న ఆర్డర్ మీద సంతకం పెట్టేశాడు, ఇతను మార్చ్ క్యాన్సిల్ చేశాడు. జరగని మార్చ్ అది, ఐనా గెలిచింది.

అహింస అంటే కొడుతుంటే ఊరికే పడుండటమేనా?

కాదు, అలా పడుండాలంటేనే ప్రాక్టీస్ కావాలి. జేమ్స్ లాసన్ అనే ఆయన కొరియా యుద్ధానికి పోనని జైలుకెళ్ళి, తర్వాత మూడేళ్ళు నాగపూర్‌లో ఉండి గాంధీ పద్ధతులు చదువుకుని, వెనక్కి వెళ్ళి 1959లో నాష్‌విల్‌లో స్టూడెంట్లకి క్లాసులు పెట్టాడు. కొందరు రౌడీలుగా నటించేవాళ్ళు, తిట్టేవాళ్ళు, మొహమ్మీద పొగ ఊదేవాళ్ళు, కుర్చీలోంచి లాగేవాళ్ళు, మిగతావాళ్ళు చెయ్యెత్తకుండా తల ఎలా కాపాడుకోవాలో, పక్కవాడిని ఎలా అడ్డుకోవాలో నేర్చుకునేవాళ్ళు. తట్టుకోలేనివాళ్ళని వెనక పనులకి పెట్టేవాళ్ళు, అది అవమానమేమీ కాదు.

1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు స్టూడెంట్లు తెల్లవాళ్ళకి మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చోగానే నాష్‌విల్ వాళ్ళు అప్పటికే రెడీగా ఉన్నారు, ఫిబ్రవరి 13న దిగిపోయారు. తిరిగి కొట్టొద్దు, తిట్టొద్దు, పెద్దగా నవ్వొద్దు, నిటారుగా కౌంటర్ వైపు తిరిగి కూర్చోండి, ఇలా రూల్స్ రాసి ఇచ్చారు. మే 10కల్లా ఆ ఊరి షాపులు కౌంటర్లు అందరికీ తెరిచాయి.

అంతకు ముప్పై ఏళ్ళ ముందు, 1930 మే 21న ధరాసనలో సరోజినీ నాయుడు ముందుండి పంపిన సత్యాగ్రహులు వరుసలు వరుసలుగా వెళ్ళి లాఠీ దెబ్బలు తిన్నారు, ఒక్కరు చెయ్యి కూడా అడ్డం పెట్టలేదని అక్కడున్న అమెరికన్ విలేకరి వెబ్ మిల్లర్ రాసింది ప్రపంచమంతా చదివింది. చదువుతుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది.

హింస వల్ల కూడా గెలిచినవి ఉన్నాయి కదా, బ్రిటన్‌లో ఆడవాళ్ళ ఓటు కోసం పోరాడిన సఫ్రజెట్లు కిటికీలు పగలగొట్టలేదా?

పగలగొట్టారు, 1912 తర్వాత ఖాళీ బిల్డింగులు తగలబెట్టారు కూడా. బ్రిటన్‌లో 1918లో 30 దాటిన కొంతమంది ఆడవాళ్ళకి, 1928లో మగవాళ్ళతో సమానంగా అందరికీ ఓటు వచ్చింది. ఏది దేనివల్ల వచ్చిందని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంటారు. పేపర్లకెక్కింది వీళ్ళే అయినా ఊరూరా మీటింగులు పెట్టి సంతకాలు సేకరించిన మామూలు సఫ్రజిస్టులు వీళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ, 1914 నాటికి యాభై వేలు దాటారు. సౌతాఫ్రికాలో మండేలా వాళ్ళు కూడా 1961లో ఆయుధం పట్టారు, అన్ని దారులూ మూసేశాక. దాన్ని దాచిపెట్టి మండేలాని ఎప్పుడూ నవ్వుతూ ఉండే తాతగారిలా మాత్రమే చూపిస్తే అది చరిత్ర కాదు.

నిరసన వల్ల నిజంగా యుద్ధం ఆగిన సందర్భం ఒక్కటైనా ఉందా?

ఉంది, లైబీరియా. 1989 నుంచి మధ్యలో కొంచెం గ్యాప్ ఇచ్చి రెండు అంతర్యుద్ధాలు, పోయినవాళ్ళు రెండున్నర లక్షల దాకా అంటారు. 2003లో లేమా బోవీ, ఇంకా కొందరు క్రిస్టియన్, ముస్లిం ఆడవాళ్ళు కలిసి తెల్ల టీషర్టులు వేసుకుని మన్రోవియాలో చేపల మార్కెట్ పక్కన గ్రౌండ్‌లో రోజూ కూర్చున్నారు, ఎండైనా వానైనా. ప్రెసిడెంట్ చార్లెస్ టేలర్ కాన్వాయ్ ఆ రోడ్డులోనే పోయేది. ఏప్రిల్ 23న ఆయన వీళ్ళని పిలిపించుకుని మాట్లాడక తప్పలేదు.

తర్వాత ఘనాలోని అక్రాలో చర్చలు పెట్టారు. వారాలు గడుస్తున్నాయి, తిరుగుబాటు నాయకులు హోటల్లో హాయిగా ఉండి పదవుల పంపకాలు మాట్లాడుకుంటున్నారు, ఇక్కడ మన్రోవియాలో షెల్స్ పడుతున్నాయి. జూలైలో బోవీ ఆడవాళ్ళని తీసుకెళ్ళి హాలు గుమ్మానికి అడ్డంగా కూర్చోబెట్టింది, సంతకం పెట్టేదాకా ఎవర్నీ బయటికి వదలం అని. సెక్యూరిటీ వాళ్ళు అరెస్ట్ చేస్తామంటే ఆవిడ బట్టలు విప్పేస్తానంది, అక్కడ తల్లి వయసు ఆడది అలా చేస్తే చూసినవాడికి శాపం. మధ్యవర్తిగా ఉన్న నైజీరియా మాజీ అధ్యక్షుడు అబ్దుల్‌సలామీ అబూబకర్ వచ్చి సర్దిచెప్పి, లోపల వాళ్ళని గట్టిగా మందలించాడు. ఆగస్టు 11న టేలర్ దేశం వదిలాడు, 18న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆడవాళ్ళ వల్ల మాత్రమే కాదు, రెబెల్స్ రాజధాని దాకా వచ్చారు, బయటి దేశాల ప్రెషర్ ఉంది, టేలర్ మీద యుద్ధనేరాల కేసు బయటపడింది. ఐనా ఆ గుమ్మం దగ్గర కూర్చోకపోతే ఇంకెన్ని వారాలు సాగేదో.

ఇంకోటి, సంతకాలయ్యాక వీళ్ళు ఇంటికెళ్ళిపోలేదు. ఆయుధాలు అప్పగించే దగ్గరా, 2005 ఎలక్షన్లలో ఓటర్లని చేర్పించే దగ్గరా పనిచేశారు, ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ గెలిచింది. 2011లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

2003లో ఇరాక్ యుద్ధం వద్దని ప్రపంచమంతా రోడ్డెక్కింది, ఐనా ఆగలేదు కదా?

ఆగలేదు. ఫిబ్రవరి 15న 600 పైచిలుకు ఊళ్ళల్లో ర్యాలీలు జరిగాయి, లక్షల్లో కాదు కోటి దాకా వచ్చారని లెక్క, అయినా మార్చి 20కల్లా బాంబులు పడ్డాయి. ఒక్కరోజు వచ్చి వెళ్ళిపోతారని ప్రభుత్వాలకి తెలుసు, సోమవారం అందరూ ఆఫీసులకి వెళ్ళిపోయారు, దేనికీ నష్టం కలగలేదు. నా ఉద్దేశంలో ఇది పూర్తి ఫెయిల్యూర్ మాత్రం కాదు. మార్చి 1న టర్కీ పార్లమెంట్‌లో అమెరికా సైన్యాన్ని తమ దేశం మీదుగా పోనివ్వాలా అని ఓటింగ్ జరిగింది, అవును అన్నవాళ్ళు 264, వద్దన్నవాళ్ళు 250, తటస్థంగా ఉన్నవాళ్ళు 19. హాజరైనవాళ్ళలో సగం దాటలేదు కాబట్టి తీర్మానం పడిపోయింది. ఆ రోజు అంకారాలో రోడ్లనిండా జనమే. దాంతో ఉత్తరం వైపు నుంచి దిగాలన్న అమెరికా ప్లాన్ మార్చుకోవాల్సొచ్చింది.

అణుబాంబుల మీద జరిగిన ఉద్యమాల వల్ల ఏమైనా ఒరిగిందా?

ఒరిగింది, అందులో నాకు బాగా నచ్చేది పాలపళ్ళ కథ. 1950ల్లో అమెరికా, రష్యా గాల్లోనే బాంబులు పేల్చి టెస్టులు చేసేవి. ఆ ధూళి గడ్డి మీద పడి, ఆవుపాలల్లోకి వచ్చి, అందులోని స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం పిల్లల ఎముకల్లో చేరుతుందని సైంటిస్టుల అనుమానం. 1958లో సెయింట్ లూయిస్‌లో కొందరు డాక్టర్లూ తల్లులూ కలిసి ఊడిపోయిన పాలపళ్ళు పంపండి అని అడిగారు. పన్ను పంపిన పిల్లలకి ఒక బ్యాడ్జి ఇచ్చేవాళ్ళు. అలా 1970 దాకా సుమారు మూడు లక్షల పళ్ళు చేరాయి, టెస్టులు పెరిగిన కొద్దీ పళ్ళల్లో స్ట్రాన్షియం పెరుగుతోందని తేలింది. ఇంక ఏ మిలటరీ జనరల్ వచ్చి ఏం ప్రమాదం లేదన్నా ఏ తల్లి నమ్ముతుంది? 1961 నవంబర్ 1న అమెరికాలో 60 ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఇంటిపనీ ఆఫీసుపనీ ఆపి వీధుల్లోకొచ్చారు, మరుసటేడు పార్లమెంట్ కమిటీ వీళ్ళు కమ్యూనిస్టులా అని విచారణకి పిలిస్తే చంకలో పిల్లల్ని వేసుకుని, పువ్వులు పట్టుకుని వెళ్ళారు, కమిటీ నవ్వులపాలైంది. 1963 ఆగస్టు 5న గాల్లో, నీళ్ళలో, అంతరిక్షంలో టెస్టులు ఆపే ఒప్పందం కుదిరింది. భూమి లోపల టెస్టులు మాత్రం సాగాయి, అది కూడా చెప్పాలి.

ఇంకోటి ఇంగ్లాండ్‌లో గ్రీన్‌హామ్ కామన్. అమెరికా క్రూయిజ్ మిసైళ్ళు అక్కడ పెడతారని తెలిసి కార్డిఫ్ నుంచి 36 మంది నడిచి 1981 సెప్టెంబర్ 5న ఆ ఎయిర్‌బేస్ గేటు దగ్గరికొచ్చారు. టీవీలో డిబేట్ పెట్టమన్నారు, ఎవరూ పట్టించుకోలేదు, సరే అని అక్కడే టెంట్లు వేశారు. 1982 డిసెంబర్ 12న 30,000 మంది ఆడవాళ్ళు చేతులు పట్టుకుని బేస్ చుట్టూ నిలబడ్డారు. మరుసటి జనవరి 1 తెల్లవారుజామున 44 మంది ఫెన్సింగ్ దాటి లోపలికెళ్ళి మిసైల్ గోదాముల మీద డాన్స్ చేశారు. 1983 నవంబర్లో మిసైళ్ళు వచ్చేశాయి, అంటే ఓడిపోయారన్నమాట, కానీ కదల్లేదు. 1987లో రేగన్, గోర్బచేవ్ ఆ రకం మిసైళ్ళే వద్దని ఒప్పందం చేసుకున్నారు, 1991లో చివరివి వెళ్ళిపోయాయి. క్యాంపు 2000 దాకా ఉంది. వీళ్ళ వల్లే మిసైళ్ళు పోయాయంటే నేను ఒప్పుకోను, కానీ జనం నోట్లో ఆ విషయం నానుతూ ఉండటానికి వీళ్ళే కారణం.

గుండ్రం లోపల గీతలుండే పీస్ సింబల్ ఎక్కడిది?

1958 ఈస్టర్‌కి లండన్ నుంచి ఆల్డర్‌మాస్టన్ అణ్వాయుధాల కేంద్రానికి నాలుగు రోజులు నడిచారు, దానికోసం జెరాల్డ్ హోల్టమ్ అనే డిజైనర్ గీశాడు. జెండాలతో సిగ్నల్ ఇచ్చే పద్ధతిలో న్యూక్లియర్, డిజార్మమెంట్ అనే మాటల మొదటి అక్షరాలు రెండూ కలిపి పెట్టాడు. కాపీరైట్ తీసుకోలేదు, అందుకే ప్రపంచమంతా వాడేసింది.

అర్జెంటీనాలో తెల్ల గుడ్డలు కట్టుకున్న తల్లులు ఎవరు? ఎందుకు గుండ్రంగా తిరుగుతారు?

1976లో అక్కడ మిలటరీ వచ్చింది, వేలమంది కుర్రవాళ్ళని ఎత్తుకుపోయింది, ఏ స్టేషన్లో అడిగినా మాకు తెలీదనేవాళ్ళు. 1977 ఏప్రిల్ 30న 14 మంది తల్లులు బ్యూనస్ ఎయిర్స్‌లో ప్రెసిడెంట్ భవనం ఎదురుగా ఉన్న ప్లాజా డి మాయోలో నిలబడ్డారు. గుమిగూడటం నిషేధం కాబట్టి నిలబడకూడదు నడవండి అన్నారు పోలీసులు. సరే అని ఇద్దరిద్దరుగా చేతులు కలుపుకుని మధ్యలో ఉన్న స్తంభం చుట్టూ నడవడం మొదలుపెట్టారు. తలకి కట్టుకున్నవి మొదట్లో చంటిపిల్లలకి చుట్టే గుడ్డలే, ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టడానికి.

అదేమీ సేఫ్ పని కాదు. తమ్ముడు తప్పిపోయాడని చెప్పుకుంటూ ఆల్ఫ్రెడో ఆస్టిజ్ అనే నేవీ ఆఫీసర్ వీళ్ళలో చేరాడు. అతనిచ్చిన సమాచారంతో 1977 డిసెంబర్లో అజుసేనా విల్యాఫ్లోర్‌తో సహా ముగ్గురు తల్లుల్ని ఎత్తుకుపోయి విమానంలోంచి సముద్రంలో పడేశారు. మిగతావాళ్ళు మళ్ళీ గురువారం మధ్యాహ్నం మూడున్నరకి వచ్చారు. 1983లో మిలటరీ పోయింది, 1985లో జనరల్స్ మీద విచారణ జరిగింది, తర్వాత మాఫీ చట్టాలు తెచ్చి అన్నీ ఆపేశారు, 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టాలు చెల్లవంది. అదే ఏడాది విల్యాఫ్లోర్ అస్థికలు డీఎన్‌ఏతో గుర్తుపట్టారు. ఆస్టిజ్‌కి 2011లో యావజ్జీవం పడింది, 34 ఏళ్ళకి.

నాయనమ్మలు, అమ్మమ్మల గ్రూప్ ఇంకోటుంది. జైల్లో పుట్టిన పిల్లల్ని మిలటరీవాళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేశారు, తల్లీ తండ్రీ బతికి లేరు, మరి ఎవరి బిడ్డో ఎలా తేల్చాలి అని వీళ్ళు సైంటిస్టుల వెంటపడ్డారు. మేరీ క్లెయిర్ కింగ్ లాంటివాళ్ళు తాతలూ మామ్మల రక్తంతోనే తేల్చే పద్ధతి తయారుచేశారు, ఇప్పటిదాకా 130 మందికి పైగా మనవలు దొరికారు.

సైన్యం కాల్చడానికి రెడీగా ఉన్నా ఒక్కోసారి ఎందుకు కాల్చదు?

ఒకే కారణం ఉండదు. తూర్పు జర్మనీలో లైప్‌జిగ్‌లో సెయింట్ నికోలస్ చర్చిలో 1982 నుంచీ సోమవారం ప్రార్థనలు జరిగేవి, మొదట్లో గట్టిగా కొంతమందే. 1989 అక్టోబర్ 9న 70,000 మంది వచ్చారు, కొవ్వొత్తులు పట్టుకుని. ఆ రోజు కాల్పులు తప్పవని ఆస్పత్రుల్లో రక్తం రెడీ చేశారని ఊరంతా వినికిడి. ఆర్కెస్ట్రా కండక్టర్ కుర్ట్ మాజూర్, ఇంకా ముగ్గురు అధికార పార్టీ సెక్రటరీలతో కలిపి ఆరుగురు శాంతంగా ఉండండి అని మైకుల్లో విజ్ఞప్తి చేశారు, బెర్లిన్ నుంచి గట్టి ఆర్డర్ రాలేదు, పోలీసులు వెనక్కి తగ్గారు. సరిగ్గా నెలకి బెర్లిన్ గోడ తెరిచారు. చేతిలో కొవ్వొత్తి ఉంటే అది ఆరకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకోవాలి, ఇంక రాయి విసిరేదెక్కడ?

1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సా ఖ్వానీ బజార్‌లో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అనుచరుల మీద ఒక దళం కాల్పులు జరిపింది, చాలామంది పోయారు. చంద్రసింగ్ గఢ్వాలీ ముందుండగా గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు మాత్రం మేం కాల్చం అన్నారు, దానికి ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నారు. ఒక్కోసారి తేడా అంతే, ఎదురుగా ఎవరున్నారన్నది.

జనాభాలో 3.5 శాతం వస్తే ఏ ప్రభుత్వమైనా పడిపోతుందంటారు, కరెక్టేనా?

ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్ అనే రీసెర్చర్లు 1900 నుంచి 2006 దాకా 323 ఉద్యమాలు లెక్కేశారు, అహింసాయుతమైనవి 53 శాతం, సాయుధమైనవి 26 శాతం సక్సెస్. ఆ డేటాలోంచే ఈ 3.5 వచ్చింది. అది గతంలో కనపడిన లెక్క, గ్యారంటీ కార్డు కాదు, చెనోవెతే ఆ మాట చెప్పింది. బహ్రెయిన్‌లో 2011లో అంతకంటే ఎక్కువే వచ్చారు, అణిచేశారు. 2010 తర్వాత గెలిచే శాతం బాగా తగ్గింది కూడా. ఈ నంబర్ పట్టుకుని తలలు లెక్కపెట్టేవాళ్ళని చూస్తే నాకు చిరాకు, వచ్చినవాళ్ళు రేపు కూడా వస్తారా అన్నది కదా చూడాల్సింది.

పూర్తిగా ఓడిపోయినవాటి సంగతేంటి?

అవే ఎక్కువ. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో సుమారు 60,000 మంది ఓటుహక్కు అడగడానికి ఆదివారం బట్టలు వేసుకుని పిల్లాపాపలతో సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌కి వచ్చారు. గుర్రాల మీద సైనికులు కత్తులతో మీద పడ్డారు, 18 మంది పోయారు. తర్వాత శిక్ష పడింది ఎవరికంటే మీటింగ్ పెట్టినవాళ్ళకి, పైగా సభలని అణిచే కొత్త చట్టాలు వచ్చాయి. 1832లో వచ్చిన సంస్కరణలో కూడా ఆ కూలీలకి ఓటు రాలేదు.

సౌతాఫ్రికా షార్ప్‌విల్‌లో 1960 మార్చి 21న నల్లజాతి జనం ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాల్సిన పాస్ పుస్తకాలు ఇంట్లో వదిలేసి, రండి అరెస్ట్ చెయ్యండి అని స్టేషన్ దగ్గరికెళ్ళారు. పోలీసులు కాల్చారు, అధికారిక లెక్కే 69 మంది, చాలామందికి వెనక నుంచి తగిలాయి. మూడు వారాల్లోపే నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడే పార్టీలు ఏఎన్‌సీ, పీఏసీ రెండిటినీ నిషేధించారు. పాస్ చట్టాలు 1986 దాకా పోలేదు. 1996 డిసెంబర్ 10న మండేలా కొత్త రాజ్యాంగం మీద సంతకం పెట్టడానికి ఆ ఊరికే వెళ్ళారు.

ఎక్కడో దూరంగా ఉన్నవాళ్ళు చెయ్యగలిగిందేమైనా ఉంటుందా?

1984 జూలైలో డబ్లిన్‌లో డన్స్ స్టోర్స్‌లో మేరీ మానింగ్ అనే 21 ఏళ్ళ క్యాషియర్, సౌతాఫ్రికా పండ్లు బిల్లు చెయ్యనంది, యూనియన్ వాళ్ళు ఆ సరుకు ముట్టుకోవద్దన్నారని. సస్పెండ్ చేశారు, తోటివాళ్ళు కొందరు బయటికొచ్చేశారు. నిజానికి మొదట్లో వీళ్ళకి సౌతాఫ్రికా గురించి పెద్దగా తెలీదు, పికెట్ లైన్లో నిలబడే నేర్చుకున్నారు. వారం పదిరోజుల్లో అయిపోతుందనుకున్న సమ్మె దాదాపు మూడేళ్ళు సాగింది, 1987లో ఐర్లాండ్ ప్రభుత్వం సౌతాఫ్రికా పండ్లూ కూరగాయలూ దిగుమతి ఆపేసింది. పదిమంది పైచిలుకు మనుషులతో మొదలైన పని ఇది.

యుద్ధం నడుస్తుండగానే వద్దన్నవాళ్ళు ఉన్నారా?

మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1915 ఏప్రిల్లో హేగ్‌లో 12 దేశాల నుంచి వెయ్యిమందికి పైగా ఆడవాళ్ళు కలిశారు, ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటున్న దేశాలవాళ్ళు కూడా. అధ్యక్షత వహించిన జేన్ ఆడమ్స్‌ని స్వదేశం అమెరికాలో నానా మాటలూ అన్నారు, 1931లో నోబెల్ ఇచ్చారు. బ్రిటన్‌లో 1916లో నిర్బంధ సైనిక చట్టం వచ్చాక సుమారు 16,000 మంది ఆయుధం పట్టం అన్నారు. వాళ్ళలో 35 మందిని ఫ్రాన్స్ తీసుకెళ్ళి మరణశిక్ష చదివి వినిపించి, కాసేపు ఆగి, పదేళ్ళ జైలుగా మార్చామన్నారు.

గుర్తుపెట్టుకోవాల్సిన తేదీలు ఏమైనా ఉన్నాయా?

షార్ప్‌విల్ జరిగిన మార్చి 21ని ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన దినంగా పెట్టింది. ఆగస్టు 6 హిరోషిమా. ఆగస్టు 9 నాగసాకి, అదే రోజు సౌతాఫ్రికాలో మహిళా దినం, 1956లో సుమారు 20,000 మంది ఆడవాళ్ళు పాస్ చట్టానికి వ్యతిరేకంగా సంతకాలు తీసుకుని ప్రిటోరియా వెళ్ళి అరగంట నోరు మెదపకుండా నిలబడ్డారు. ఆగస్టు 23న 1989లో ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా జనం 600 కిలోమీటర్లకి పైగా చేతులు పట్టుకుని నిలబడ్డారు, ఇరవై లక్షల మంది దాకా. సెప్టెంబర్ 21 అంతర్జాతీయ శాంతి దినం. అక్టోబర్ 2 గాంధీ పుట్టినరోజు, 2007 నుంచి అంతర్జాతీయ అహింసా దినం కూడా.